గంట వేరు, హారన్ వేరు

పిల్లలూ, మీ ఊరి పొలిమేరలో చుట్టూ కంచె వేసి, లోపల కంకర పరచి, ఎత్తయిన ఇనుప స్తంభాలు నిలిపిన చోటును చూశారా? గేటుకు పుర్రె బొమ్మ ఉన్న బోర్డు వేలాడుతూంటుంది. అదే సబ్‌స్టేషను. అనుమతి లేనిదే అందులో అడుగు పెట్టరాదు.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు 132 కిలోవోల్టుల సబ్‌స్టేషనులో ఆపరేటరు. ఒక వానాకాలపు సాయంత్రం అతను పైవారి అనుమతితో నన్ను లోపలికి తీసుకుపోయాడు.

బయట ట్రాన్స్‌ఫార్మర్లు తుమ్మెదల గుంపులాగా రొద చేస్తున్నాయి. కంట్రోలు రూములో మాత్రం నిశ్శబ్దం. గోడ పొడుగునా నిలువెత్తు పానెళ్లు. వాటి మీద వరుసగా చిన్న చిన్న పలకలు. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క లోపం పేరు రాసి ఉన్నది.

ఇంతలో పెద్ద ఉరుము ఉరిమింది. దీపాలు ఒక్క క్షణం మసకబారాయి. హారన్ చెవులు చిల్లులుపడేలా మోగింది. ఒక పలక వెలుగుతూ ఆరుతూ ఉన్నది.

"ఏమిటోయ్ చూస్తున్నావు? లైను ఆపు!" అని అరిచాను.

"అది ఎప్పుడో ఆగిపోయిందండీ, మాస్టారూ," అన్నాడతను నవ్వుతూ.

సంగతేమిటంటే, లైనును కాపాడేది మనిషి కాదు, రిలే. తీగలలోని వందల ఆంపియర్ల కరెంటును, లక్షకు పైబడిన వోల్టులను తగ్గించి దానికి అందిస్తారు. ఆ రెండింటినీ పోల్చి, లోపం ఎంత దూరంలో ఉన్నదో అది లెక్క కడుతుంది. వెంటనే బ్రేకరుకు ఆజ్ఞ పంపుతుంది. సుమారు సెకనులో పదోవంతులో లైను తెగిపోతుంది! హారన్ మోగేది జరిగినదాన్ని చెప్పడానికే. అతను బొత్తాం నొక్కి హారన్ ఆపి, పలక మీది పేరు పుస్తకంలో రాసుకుని, ఫోను అందుకున్నాడు. రెండవ లైను ఉన్నది గనుక ఊళ్లో దీపాలు ఆరలేదు.

గంట మోగితే మాత్రం అర్థం వేరు: "ఇంకా ఏమీ ఆగలేదు, వచ్చి చూడు" అని. ట్రాన్స్‌ఫార్మరు నూనెలో చిన్న లోపం పుడితే వాయువు బుడగలుగా పైకి చేరుతుంది. అక్కడి రిలేలో తేలే బెండు కిందికి దిగి గంట మోగిస్తుంది. పెద్ద లోపమైతే నూనె ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అప్పుడు గంట లేదు, ట్రాన్స్‌ఫార్మరునే ఆపేస్తుంది. జర్మనీకి చెందిన మాక్స్ బుఖోల్ట్స్ 1921లో దీన్ని రూపొందించాడు.

పక్క గదినిండా బ్యాటరీలు! లైనులో కరెంటు పోయినా రిలేలు పనిచేయాలి కదా మరి.

"గంట, హారన్ రెండూ మోగకపోతే అంతా క్షేమమేనా?" అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో ఒక కంట్రోలు కేంద్రపు హెచ్చరిక ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. చెట్లకు తగిలి లైన్లు ఒక్కొక్కటే తెగిపోతున్నా అక్కడివారికి గంటకు పైగా సంగతి తెలియలేదు. ఇతర లోపాలు కూడా తోడై, అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మంది చీకటిలో పడ్డారు.

షిఫ్టు మారే వేళయింది. కొత్తగా వచ్చిన ఆపరేటరు పరీక్ష బొత్తాం నొక్కాడు. పలకలన్నీ వెలిగాయి, హారన్ మోగింది. ముందే చెప్పినా నేను ఉలిక్కిపడ్డాను! మూలనున్న ఒక పలక మాత్రం వెలగలేదు. దాని బల్బు మార్చి, మళ్లీ నొక్కి చూసుకున్న తరువాతనే మావాడు పుస్తకంలో సంతకం పెట్టి నాతో బయలుదేరాడు.