కాలువకు నీళ్ళు ఎక్కడివి?



మాది గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఊరు. బడిలో పని చేసినన్నాళ్ళూ నేను ఆ గట్టు మీదుగానే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి. కాలువలను గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. కిందటి ఏడు ఫ్రాన్సు దేశంలో మా మనుమరాలు ఒకే ఒక్క ప్రశ్న వేసి ఆ నమ్మకాన్ని గంగలో కలిపేసింది.

మా అబ్బాయి ఆ దేశపు దక్షిణ భాగంలో, తూలూజ్ అనే నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఊళ్ళోనే ఒక కాలువ బయలుదేరుతుంది. దాని పేరు కెనాల్ దు మిదీ, అంటే దక్షిణ దేశపు కాలువ. పొడవు 240 కిలోమీటర్లు. ఒక కొస తూలూజ్‌లో గరోన్ నదిని కలుస్తుంది. ఆ నది పోయి అట్లాంటిక్ సముద్రంలో పడుతుంది. రెండో కొస మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఉప్పునీటి సరస్సులో దిగుతుంది. స్పెయిన్ దేశాన్ని చుట్టి రానక్కరలేకుండా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి పడవలు అడ్డంగా పోవాలని 1666 మొదలు 1681 దాకా తవ్విన కాలువ ఇది.

పూర్వం గట్టు మీద గుర్రాలు నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవి. (మన కాలువల మీద మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. మా తాతగారి కాలంలో అది రోజూ కనిపించే దృశ్యం.) రైలు వచ్చిన తరువాత అక్కడ గుర్రాలు పోయాయి, కొంత కాలానికి సరుకు పడవలూ పోయాయి. షికారు పడవలు మాత్రం మిగిలాయి. గుర్రాలు నడిచిన దారి సైకిళ్ళకూ, కాలినడకన పోయేవారికీ దక్కింది. మోటారు బండ్లు ఆ దారిన రావు. హారను మోత లేకుండా పూటంతా సైకిలు తొక్కడం ఎంత హాయిగా ఉంటుందో చెబితే మీరు నమ్మరు.

జూన్ నెలలో ఒక ఉదయం నేనూ, పదకొండేళ్ళ మా మనుమరాలూ సైకిళ్ళను రైలు పెట్టెలో ఎక్కించుకుని విల్‌ఫ్రాంష్ అనే చిన్న ఊళ్ళో దిగి, కాలువ గట్టు పట్టుకున్నాము. ఆ సైకిళ్ళు కంకర దారి కోసం చేసినవి. టైర్లు లావుగా ఉంటాయి, గాలి కూడా కాస్త తక్కువే కొడతారు. ఎందుకో ఆలోచించండి. టైరు రాయిలాగా గట్టిగా ఉంటే ప్రతి గులక మీదా బండి మొత్తం ఎగరవలసి వస్తుంది. మెత్తగా ఉన్న టైరు గులక దగ్గర తానే లోపలికి నొక్కుకుపోతుంది, బండి తిన్నగా సాగుతుంది. నేను మాత్రం మొదటి మైలులోనే, అలవాటు కొద్దీ, గాలి సరిపోలేదని దిగి పంపు వెతికాను. మనుమరాలు నవ్వింది.

ఎదురుగాలి కొడుతున్నది. ఆ ప్రాంతంలో ఆగ్నేయం నుంచి వీచే ఆ గాలికి ఓతాన్ అని పేరు. అది రోజుల తరబడి వీస్తే మనుషులకు పిచ్చెక్కుతుందని అక్కడివాళ్ళు అంటారు. నాకు పిచ్చెక్కలేదు గాని కాళ్ళు మాత్రం బరువెక్కాయి. గట్టుకు రెండు వైపులా పెద్ద పెద్ద ప్లేన్ చెట్లు గొడుగు పట్టినట్టు ఉన్నాయి. కొన్ని చోట్ల మాత్రం వరసగా మొదళ్ళే మిగిలాయి. 2006లో ఆ చెట్లకు ఒక బూజు తెగులు పట్టినట్టు కనుక్కున్నారు. మందు లేదు. తెగులు పట్టిన చెట్టును కొట్టి కాల్చివేయడమే మార్గం. అలా వేల చెట్లు పోయాయి. వాటి స్థానంలో వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. నీడ ఉన్న చోటు నుంచి ఎండలోకి వచ్చినప్పుడల్లా మేమిద్దరమూ మాట్లాడడం మానేశాము.

ఒక లాకు దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాము. గోదావరి జిల్లాల పిల్లలకు లాకు అంటే చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం చెబుతాను. కాలువ మెట్టు దిగవలసిన చోట రెండు జతల తలుపులతో ఒక తొట్టె కడతారు. పడవ తొట్టెలోకి రాగానే తలుపులు మూసి, పై నీరు లోపలికి వదిలితే పడవ పైకి లేస్తుంది. నీరు కిందికి వదిలితే దిగుతుంది. ఇక్కడి లాకుల గోడలు తిన్నగా కాక, కోడిగుడ్డులాగా వంపు తిరిగి ఉంటాయి. మొదట తిన్నగా కట్టిన గోడ ఒకటి మట్టి ఒత్తిడికి కూలిపోయిందట. గుండ్రని బావి ఒరలు కూలకుండా ఎందుకు నిలుస్తాయో, ఈ వంపు గోడలూ అందుకే నిలిచాయి.

అప్పుడడిగింది మా మనుమరాలు. "తాతయ్యా, మీ ఊరి కాలువలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?"

"ధవళేశ్వరం ఆనకట్ట నుంచి. అక్కడి నుంచి పల్లానికి పారి సముద్రం చేరతాయి."

"మరి ఇదేమిటి? లాకు లాకుకీ మనం పైకి పోతున్నాం. ముందర ఒక చోట కాలువ అవతలి వైపుకు దిగుతుందని నాన్న చెప్పాడు. ఆ పైన నీళ్ళు ఎవరు పోస్తారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. పెంకుటింటి కప్పు తలుచుకోండి. నడినెత్తిన పోసిన నీళ్ళు ఇటూ అటూ జారిపోతాయి గాని అక్కడ నిలవవు. ఈ కాలువ అటువంటి కప్పును దాటుతున్నది. పైగా ఒక పడవ ఇటు నుంచి ఎక్కి అటు దిగిందంటే, రెండు వైపులా ఒక్కొక్క లాకు నిండా నీళ్ళు కిందికి పోయినట్టే. పైన ఎవరో ఎడతెగకుండా పోస్తూ ఉండకపోతే నాలుగు రోజుల్లో కాలువ ఎండిపోవాలి.

"పద, వెతుకుదాం," అన్నాను. హెడ్మాస్టరు ఉద్యోగం చేసినవాడికి, తెలియదని ఒప్పుకోవడం కంటే సైకిలు తొక్కడమే సులభం.

ఆ కప్పు నడినెత్తి పేరు నోరూజ్. సముద్ర మట్టానికి 189 మీటర్ల ఎత్తు. మోటలాగా పెద్ద చప్పుడేదైనా ఉంటుందేమోనని చూశాను. ఏమీ లేదు. చెట్ల నడుమ నుంచి ఒక పిల్లకాలువ నిశ్శబ్దంగా వచ్చి పెద్ద కాలువలో కలుస్తున్నది. అక్కడి నుంచి సగం నీరు అట్లాంటిక్ వైపు, సగం మధ్యధరా వైపు. మనుమరాలు ఒక ఆకు వేసి ఎటు పోతుందోనని చూసింది. నీటి కన్న ముందు గాలి పట్టుకుని దాన్ని గట్టున పడేసింది.

దగ్గరలో పెద్ద పెద్ద రాళ్ళూ, వాటి మీద 1827లో పూర్తి చేసిన ఒక స్తంభమూ ఉన్నాయి. ఆ రాళ్ళలో పగుళ్ళు ఉన్నాయి. అవి మూసుకుపోయిన నాడు ప్రపంచం అంతమవుతుందని ఆ పల్లెల్లో ఒక నమ్మకం. మా మనుమరాలు వెళ్ళి చూసి, ఇంకా తెరిచే ఉన్నాయని చెప్పింది. స్తంభం పియర్ పాల్ రికే అనే ఆయన పేర నిలిపినది. ఆయన ఇంజనీరు కాదు. రాజుగారి తరఫున ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి. ఉప్పు మీద పన్ను వేస్తే జనం ఎలా తిట్టుకుంటారో 1930 నాటి కథ విన్న మన పిల్లలకు వేరే చెప్పాలా? ఆయన మీదా జనానికి అంత ప్రేమ ఉండేది కాదు.

రెండు సముద్రాలను కలపాలని అంతకు ముందు చాలామంది అనుకున్నారు. అందరూ ఈ నోరూజ్ దగ్గరే, మా మనుమరాలి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. రికే మాత్రం ఈశాన్యంగా కనిపించే నల్లకొండల వంక చూశాడు. అక్కడ అడవులలో వాగులు ఉన్నాయి. వాటన్నిటినీ పట్టి, వంపులు తిప్పి, ఇక్కడికి నడిపించాలి. రెవెల్ అనే ఊళ్ళో ఊటబావుల పని చూసే పియర్ కాంపాస్ అనే అతను ఆ వాగులన్నీ ఎరిగినవాడు. అతను తోడు వచ్చాడు. 1662లో రికే రాజుగారి మంత్రి కోల్బేర్‌కు ఉత్తరం రాశాడు. పెద్దలు నమ్మలేదు. సరేనని 1665లో తన సొంత డబ్బుతో ఒక సన్నని బోదె తవ్వించి, కొండ నీళ్ళను నోరూజ్ దాకా పారించి చూపించాడు. మరుసటి ఏడు 14వ లూయీ రాజు అనుమతి పత్రం మీద సంతకం చేశాడు.

మేము ఆ పిల్లకాలువ గట్టునే పట్టుకుని నీటికి ఎదురుగా బయలుదేరాము. గోధుమ పొలాల మధ్య కొండ చరియలను ఒరుసుకుంటూ అది మెలికలు తిరుగుతూ పోతుంది. మొత్తం 40 కిలోమీటర్ల పొడవు. దాని వాలు ఎంత తక్కువంటే, పైకి పోతున్నామని కాళ్ళకు తెలియనే తెలియదు. దూరబీనులూ, కొలత పరికరాలూ సరిగా లేని రోజుల్లో, నీళ్ళు ఆగకుండా, ఉరకకుండా నడిచేటట్టు ఆ వాలు ఎలా పెట్టారో! సన్నని మట్టి దారి, పైన గుబురు చెట్లు, పక్కన గలగల. లాంక్లాస్ అనే చిన్న చెరువు దగ్గర రొట్టె తిన్నాము. సాయంత్రానికి రెవెల్ చేరాము. అక్కడ 14వ శతాబ్దం నాటి సంత పందిరి, లావాటి కొయ్య స్తంభాలతో, ఇంకా నిలిచి ఉన్నది. ఇప్పటికీ శనివారం సంత దాని కిందే జరుగుతుంది.

మరునాడు ఎక్కుడు మొదలయింది. రెవెల్ పైన అడవి మధ్య సాన్ ఫెరియోల్ అనే సరస్సు ఉంది. నేను మూడు చోట్ల సైకిలు దిగి నడిపించుకు పోయాను; దాచిపెట్టడం దేనికి? పైకి చేరి చూస్తే, పైన్ చెట్ల మధ్య నీలంగా, నిండుగా నీళ్ళు. వానకాలపు నీరు దాచి ఎండకాలంలో కాలువకు ఇవ్వడానికి రికే కట్టించిన చెరువు అది. ఆనకట్ట పొడవు 780 మీటర్లు. మూడు గోడలు లేపి, మధ్య అంతా మట్టి కూరారు. 1667లో మొదలుపెట్టి 1672లో ముగించారు. ఆ మట్టిని బుట్టలతో మోసినవారిలో ఆడవారూ చాలామంది ఉన్నారు. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో కాలువ మొత్తం మీద 12,000 మంది పని చేశారట. రికే వారికి నెల జీతం ఇచ్చాడు. ఆదివారాలకూ, వాన పడి పని ఆగిన రోజులకూ కూడా కూలి కోయలేదు. ఉప్పు పన్ను సంగతి విన్నప్పుడు నాకు ఆయన మీద కలిగిన కోపం ఇక్కడ సగం తగ్గింది.

ఆనకట్ట కింద తోటలో 20 మీటర్ల ఎత్తున ఒక నీటి చిమ్మెన ఎగురుతుంది. మోటారు లేదు, పంపు లేదు. పైన చెరువులో ఉన్న నీటి బరువే దాన్ని ఎగరేస్తుంది.

అమెరికాకు తరువాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ కూడా ఈ నీటి జాడ వెతికాడు. 1787లో ఆయన తన గుర్రబ్బండికి చక్రాలు ఊడదీయించి, దాన్ని పడవ మీద పెట్టించి, అందులో కూర్చుని ఈ కాలువ మీద ప్రయాణం చేశాడు. నడుమ పడవ దిగి, గుర్రమెక్కి ఈ చెరువును చూడడానికి వచ్చాడు.

"అయితే చెరువులోకి నీళ్ళు ఎక్కడివి?" అన్నది మా మనుమరాలు.

నా కాళ్ళు ఇక రానన్నాయి. అందుచేత మరునాడు మేము చిన్న మోసం చేశాము. మా అబ్బాయి కారు తెచ్చి, సైకిళ్ళతో సహా మమ్మల్ని పైన కమాజ్ అనే పల్లెలో దింపాడు. అక్కడ కొండ అడ్డం వస్తే, దాని కింద 122 మీటర్ల సొరంగం తొలిచి నీటిని దాటించారు. అది రికే పోయిన తరువాత, 1686-87లో, వోబాన్ అనే గొప్ప ఇంజనీరు సలహా మీద చేసిన పని. అక్కడి నుంచి అడవి దారి. బీచ్ చెట్ల కింద పగలే చీకటిగా ఉన్నది. కొండ కాలువ పక్కన రాలిన ఆకుల మీద మా టైర్ల చప్పుడు తప్ప మరొకటి లేదు.

"రికే గారు పడవ ఎక్కారా, తాతయ్యా?"

ఎక్కలేదు. ఉన్న ఆస్తి అంతా పెట్టాడు. కూతుళ్ళ కట్నాలకని దాచిన డబ్బు కూడా ఖర్చు చేశాడని చెప్పుకుంటారు. 1680 అక్టోబరులో పోయాడు. అప్పటికి తవ్వవలసినది కొద్ది మేరే మిగిలింది. ఏడు నెలల తరువాత, 1681 మేలో, కొడుకులు ప్రారంభోత్సవం చేశారు. అప్పులు తీరి కాలువ మీద లాభం కళ్ళచూడడానికి ఆ కుటుంబానికి 40 ఏళ్ళ పైన పట్టింది. మనుమరాలు చాలా దూరం ఏమీ మాట్లాడకుండా తొక్కింది.

దారి చివర అల్జో అనే వాగు. రాళ్ళ మీద అడుగులు వేసి దాటవచ్చు, అంత చిన్నది. అడ్డంగా ఒక చిన్న కట్ట కట్టి, ఆ నీటిని పక్కకు మళ్ళించారు. రికే మొట్టమొదట పట్టిన వాగులలో ఇది ఒకటి. దాని మానాన దాన్ని వదిలితే మధ్యధరా సముద్రానికే పోయేది. ఇప్పుడు అడవి దాటి, చెరువు నిండి, పొలాలు చుట్టి, నోరూజ్ చేరిన తరువాత గాని ఏ సముద్రమో తేలదు.

మా మనుమరాలు ఒక బీచ్ ఆకు తుంచి కట్టకు ఎగువన నీళ్ళలో వేసింది. అక్కడ గాలి లేదు. ఆకు ఒకసారి గిరగిర తిరిగి, కాలువలోకి మళ్ళి, చెట్ల నీడలో సాగిపోయింది.