ఆ మూడో తాళం ఎవరి దగ్గరుంది?

శుక్రవారం పొద్దున ఐదున్నర. నాన్న వెనక సీట్లో కూర్చుని, దుప్పటి సంచి ఒళ్లో పెట్టుకుని రెడీగా ఉన్నారు. ఆరింటికి డయాలసిస్. సోమ, బుధ, శుక్ర... వారానికి మూడు రోజులు ఇదే టైమ్. మేం సెకండ్ హ్యాండ్‌లో బండి కొన్నదే ఇందుకోసం.

రిమోట్ నొక్కితే డోర్లు తెరుచుకున్నాయి. తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగింది. కానీ ఇంజిన్ స్టార్టయినట్టే అయ్యి రెండు సెకన్లలో ఆగిపోయింది. మళ్లీ తిప్పా. మళ్లీ అంతే. మీటర్ బోర్డులో చిన్న తాళం బొమ్మ ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది.

"డీజిల్ అయిపోయిందేమో చూడు."

"లేదు నాన్నా, నిన్ననే కొట్టించా."

ఇక లాభం లేదని ఆటో బుక్ చేశా. రెండు క్యాన్సిలయ్యాయి, మూడోది వచ్చింది. హాస్పిటల్‌కి వెళ్లేసరికి ఇరవై ఐదు నిమిషాలు లేటు. అక్కడ లేటంటే మామూలు లేటు కాదు. మన తర్వాత అదే మెషీన్ కోసం ఇంకో పేషెంట్ బయట కూర్చుని ఉంటారు. పోయిన టైమ్ మన నాలుగు గంటల్లోంచే పోతుంది. నాన్న మాత్రం "ఏం కాదులే" అంటూ లోపలికి వెళ్లిపోయారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఇంకా భయమేస్తుంది.

వెయిటింగ్ హాల్లో కూర్చుని, ఆఫీసులో నా ఫ్రెండ్ వాడే మెకానిక్‌కి ఫోన్ చేశా. అంతా విని ఒకటే అడిగాడు: "మేడమ్, తాళాన్ని ఏమైనా చేశారా?"

చేశా. ముందురోజు రాత్రి పెద్ద ఘనకార్యమే చేశా. పాత తాళం కవర్ పగిలిపోయింది, బటన్ల మీద రబ్బరు చిరిగిపోయింది. ఆన్‌లైన్‌లో 350 రూపాయలకి కొత్త కవర్ తెప్పించి, వీడియో చూస్తూ పాతదాంట్లోంచి బోర్డూ, బ్యాటరీ, ఇనుప తాళం తీసి కొత్తదాంట్లో బిగించా. రిమోట్ పనిచేసింది. ఎంత గర్వపడ్డానో!

"పాత కవర్‌లో చిప్ మార్చారా?"

"ఏ చిప్?"

అవతల కాసేపు మాట లేదు.

ఆ రోజు తెలిసిన సంగతి మీకూ చెప్తా. బండి తాళంలో మూడు వేర్వేరు వస్తువులుంటాయి. ఇనుప తాళం డోరు తీస్తుంది, ఇగ్నిషన్ తిప్పుతుంది. రిమోట్ బోర్డు డోర్లు లాక్, అన్‌లాక్ చేస్తుంది. దానికి కాయిన్ బ్యాటరీ కావాలి. మూడోది ఇమ్మొబిలైజర్ చిప్. మా బండి తాళంలో అది బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, నల్లగా ఉంది. కొన్ని బండ్లకి అది బోర్డు మీదే అతికి ఉంటుంది. మాదాంట్లో కవర్‌లోపల ఓ మూల విడిగా ఇరికించి ఉంది.

ఆ చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది. తాళం పెట్టి తిప్పగానే దాన్నుంచే చిప్‌కి కాస్త పవర్ అందుతుంది. చిప్ తన కోడ్ చెప్తుంది. బండి మెమరీలో ఉన్న కోడ్‌తో అది కలిస్తేనే ఇంజిన్ నడుస్తుంది. చిప్ లేకపోతే తాళం ఎంత కరెక్టుగా తిరిగినా లాభం లేదు. అంటే నా బండి నన్ను దొంగ అనుకుంది, దాని పని అది కరెక్టుగానే చేసింది.

వెంటనే అమ్మకి ఫోన్ చేశా. "అమ్మా, రాత్రి చెత్తబుట్టలో తాళం కవర్ పడేశా..."

"చెత్త బండి ఇప్పుడే వెళ్లిందే."

గుండె జారిపోయింది. ఉన్న ఒక్క తాళం పోతే ఖర్చు బాగా పెరుగుతుంది, బండిని లాక్కెళ్లాల్సి రావచ్చు కూడా అని మెకానిక్ అప్పటికే చెప్పాడు.

"కవర్ బాగానే ఉంది కదా, దేనికైనా పనికొస్తుందని తీసి మేకుల డబ్బాలో వేశా" అంది అమ్మ.

ఇకపై అమ్మ దాచే ఐస్‌క్రీమ్ డబ్బాల మీద నేను జోకులేయను.

ఇంటికెళ్లి పాత కవర్ తెరిచా. నల్లటి గింజ అక్కడే ఉంది. కొత్తదాంట్లో పెట్టి తిప్పా. మొదటిసారికే స్టార్ట్!

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బియ్యపు గింజంత వస్తువు మీద నాన్న డయాలసిస్ ఆధారపడి ఉంది, దానికి రెండోది లేదు. బండి అమ్మినాయన మొదట్లో "రెండో తాళం ఊళ్లో ఉందమ్మా, వారంలో పంపిస్తా" అన్నాడు. ఎనిమిది నెలలైంది. మొహమాటంతో రెండుసార్లు అడిగి ఊరుకున్నా.

శనివారం రాణిగంజ్ వైపు తాళాలు ప్రోగ్రామ్ చేసే ఒకాయన దగ్గరికి వెళ్లా. ముందే షోరూమ్‌లో కనుక్కుంటే పదకొండు వేలు, పది రోజులు అన్నారు. ఈయన నాలుగున్నర వేలు, గంట అన్నాడు. ముందుగా అడిగింది డబ్బు కాదు, ఆర్‌సీ, ఆధార్. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. కాగితాలు అడక్కుండా ఎవరికి పడితే వాళ్లకి తాళం చేసిచ్చేవాడు, రేపు మన బండికి ఇంకొకరికీ చేసిస్తాడు కదా!

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి తన ట్యాబ్ తగిలించాడు. స్క్రీన్ చూసి అడిగాడు: "మేడమ్, మీ దగ్గర ఎన్ని తాళాలున్నాయి?"

"ఒకటే అన్నా."

"బండిలో మూడు రిజిస్టరై ఉన్నాయి."

నాకు వెన్నులో చలి పుట్టింది. ఈ బండి రోజూ రాత్రి మా గల్లీలో రోడ్డు మీదే ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేసుకుని వెళ్లగలిగే తాళాలు ఇంకో రెండు, ఎవరి దగ్గరో ఉన్నాయి.

అక్కడి నుంచే అమ్మినాయనకి ఫోన్ చేశా. కాసేపు నసిగి నిజం చెప్పాడు. "నాకూ ఒకటే ఇచ్చారమ్మా. లేదంటే మీరు రేటు తగ్గిస్తారని..." ఆయన రెండో ఓనర్. మొదటి ఓనర్ ఎవరో, వాళ్ల డ్రైవర్లు ఎంతమందో ఆయనకీ తెలీదు.

నేను ఫారం 29, ఫారం 30 పెట్టి, ఆర్‌సీ నా పేరు మీదకి మార్పించుకుని, ఇన్సూరెన్స్ కూడా మార్పించా. కాగితాల మీద అంతా పక్కా. కానీ ఓనర్ మారిన సంగతి బండికి ఎవరూ చెప్పలేదు. దాని మెమరీలో పాతవాళ్లు ఇంకా ఓనర్లే.

"ఏం చేద్దాం అన్నా?"

"పాతవన్నీ డిలీట్ చేసి, మీ దగ్గరున్నదీ, కొత్తదీ రెండే ఎక్కిస్తా."

నలభై నిమిషాల్లో పనైపోయింది. స్క్రీన్ మీద 2 అని కనబడ్డాక రెండు తాళాలతోనూ విడివిడిగా స్టార్ట్ చేసి చూపించాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. డిలీట్ చేసింది చిప్ కోడ్‌నే. పాత ఇనుప తాళంతో ఇంజిన్ స్టార్టవ్వదు గానీ డోరు మాత్రం తెరుచుకుంటుంది. అది కూడా వద్దంటే లాక్‌లే మార్చాలి. నాకు అంత బడ్జెట్ లేదు. అందుకే బండిలో ల్యాప్‌టాప్, నాన్న మెడికల్ ఫైల్ వదలడం మానేశా.

బిల్లు అడిగి తీసుకున్నా. బండి దొంగతనమైతే క్లెయిమ్ టైమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా తాళాలన్నీ చూపించమంటారు. రెండోది ఏదని అడిగితే "అమ్మినాయన పంపుతానన్నాడు" అని చెప్పలేం కదా.

మీరూ సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే టైర్లు, ఇంజిన్ సౌండ్ ఎంత శ్రద్ధగా చూస్తారో తాళాలూ అలాగే చూడండి. రెండో తాళం చేతిలో పడ్డాకే చివరి పేమెంట్ చేయండి. లేదంటే దాని ఖర్చు రేటులోంచి తగ్గించమనండి. బండి ఇంటికొచ్చిన వారంలోనే మెమరీలో ఎన్ని తాళాలున్నాయో చెక్ చేయించండి. పనిచేసే తాళం ఒకటి చేతిలో ఉన్నప్పుడే రెండోది చేయించుకోవాలి. అది కూడా పోయాక మన చేతిలో ఏమీ ఉండదు.

సోమవారం పొద్దున ఐదున్నర. తాళం తిప్పగానే స్టార్టయింది. నాన్న వెనక నుంచి అడిగారు, "ఆ రెండోది ఎక్కడ పెట్టావే?"

"మీ దుప్పటి సంచి లోపలి జేబులో."

ఆయన సంచి తడిమి చూసుకున్నారు. "ఏం కాదులే, నా దగ్గరుంటుంది" అన్నారు. ఈసారి ఆ మాటకి నాకు భయమేయలేదు.