మూడు తెరల నడుమ

జులై 6, ఆదివారం
తొలి ఏకాదశి, పీర్ల పండుగ ఒక్కరోజే పడ్డాయి. బాన్సువాడలో అక్క వాళ్లింట్లో పేలాల పిండి తింటూ మేనల్లుడి గదిలో కూర్చున్నా. బల్ల మీద మూడు 24 అంగుళాల మానిటర్లు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో కొన్న పాత ఆఫీసు సరుకు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో లారీ మలుపు తిరిగింది. నడిమి తెర అంచున ఆగిన తెల్లగీత, పక్క తెరలో ఎక్కడో వేరే చోట మొదలైంది.
"చూసినవా మామా, రోడ్డు ఇరిగింది."

జులై 7
కంప్యూటర్‌కు ఫ్రేములు కనబడవు. మూడు తెరలూ అంటుకుని ఉన్నాయనుకుని 5760×1080 బొమ్మ పరిచేస్తుంది. బస్సు కిటికీ ఊచ వెనక మంజీర నది తెగిపోదు, దాగుతుంది అంతే. ఇక్కడా కావలసింది అదే: ఫ్రేము వెనక కూడా కొంత బొమ్మ ఉన్నట్టు లెక్కేసి, ఆ ముక్కను చూపకుండా వదిలేయాలి. దీన్నే బెజెల్ కాంపెన్సేషన్ అంటారు. ఇలా తెరలను కలిపే ఏఎండీ ఐఫినిటీ 2009లోనే వచ్చినా, ఈ సవరణ 2010 గ్రాఫిక్స్ డ్రైవర్‌తో గానీ రాలేదు. ఎన్‌విడియా సరౌండ్‌దీ అదే ఏడాది.

జులై 9
కొలతల రోజు. ప్లాస్టిక్‌ను కొలిస్తే చాలదు, దాని లోపల వెలగని నల్ల అంచు ఒకటుంటుంది. ఫ్రేమే లేదని చెప్పి అమ్మే కొత్త మానిటర్లకూ అది తప్పదు. ఈ తెరలో వెలుగు ఆగేచోటి నుంచి ఆ తెరలో వెలుగు మొదలయ్యేచోటికి స్కేలు పెట్టాం: 36 మిల్లీమీటర్లు. తెర వెలిగే వెడల్పు సుమారు 531, అందులో 1920 పిక్సెళ్లు. అంటే సందుకు 130, రెండు సందులకు 260. కొత్త వెడల్పు 6020. ఎవరికీ కనబడని ఆ 260 నిలువు వరసలనూ గ్రాఫిక్స్ కార్డు గీస్తూనే ఉండాలి. ప్లాస్టిక్‌కు నైవేద్యం!

జులై 10
లెక్క సరిపోయినా గీత కలవలేదు. డ్రైవర్ చూపే రోడ్డు బొమ్మ మీద బాణాలు నొక్కి నొక్కి అల్లుడు విసిగిపోయాడు. తప్పు సందులో లేదు, ఎత్తులో ఉంది. అడ్డగీత ఎత్తు తేడాను మాత్రమే పట్టిస్తుంది, సందు ఎంతున్నా తిన్నగా సాగిపోతుంది. ఏటవాలు గీత రెండు తేడాలకూ విరుగుతుంది, ఏది ఏదో చెప్పదు. కాబట్టి ముందు ఎత్తు, తర్వాతే సందు. కుడి మానిటర్ కాలి కింద పెండ్లి కార్డు మడిచి పెట్టాడు. రోడ్డు అతుక్కుంది.

జులై 12
అసెట్టో కోర్సా అనే కార్ల ఆట మూడు తెరల మోడ్‌లో బెజెల్ వెడల్పు తానే అడుగుతుంది. డ్రైవర్‌లో ఒకసారి, ఆటలో ఒకసారి ఇస్తే సవరణ రెట్టింపై గీత మళ్లీ విరుగుతుంది. ఎక్కడో ఒకచోటే ఇవ్వాలి. నన్నడిగితే ఆటలోనే మేలు, పక్క తెరలు ఎంత కోణంలో తిరిగాయో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. మామూలు పనికైతే ఈ సవరణ శుద్ధ దండగ. ఎక్సెల్‌లో నిలువు వరుస ఒకటి ఫ్రేము వెనక్కి పోయింది, మౌస్ బాణం అక్కడ మునిగి ఇక్కడ తేలుతోంది. ఆట అయ్యాక తీసేయమన్నా.

జులై 13
"గిన్ని పైసలు పెడితివి, సినిమా మూడిట్ల రాదా?" అంది అక్క. సవరణ తీయకుండానే వేశాడు. హీరో నడుమ బానే ఉన్నాడు. అటూ ఇటూ తెరల్లో చెరో చిన్న ముక్క, మిగతాదంతా నలుపు. పక్కన నిల్చున్న స్నేహితుడి మొహం సగం ఫ్రేము వెనకే.
"ఒక్కదాంట్లనే ఎయ్యి" అనేసి వంటింట్లోకి పోయింది.