కోటలో ల్యాప్‌టాప్... విశాఖలో ఆఫీసు

2020లో లాక్‌డౌన్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లంతా ల్యాప్‌టాప్ సంచీలతో సొంతూళ్లకు చేరారు. ఆఫీసుకు రోజూ రానక్కర్లేదన్న వాళ్లకు ఇప్పటికీ అదే ప్రశ్న. మకాం శృంగవరపుకోటలోనా, యాభై కిలోమీటర్ల దూరంలోని విశాఖలోనా?

విశాఖలో రుషికొండ ఐటీ సెజ్ ఉంది. 2023లో ఇన్ఫోసిస్ కార్యాలయమూ వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, పక్క బల్ల దగ్గర అదే పని చేసేవాడు కనిపిస్తాడు. అద్దె మాత్రం సముద్రం దగ్గరయ్యేకొద్దీ కొండెక్కుతుంది!

సొంతిల్లుంటే కోటలో ఆ బెంగ లేదు. పొద్దున్నే పుణ్యగిరి ఎక్కి, ధార కింద తల తడుపుకొని వచ్చి లాగిన్ అయిపోవచ్చు. సెలవు రోజు తాటిపూడి జలాశయం ఉండనే ఉంది. చిక్కల్లా ఇంట్లోనే. మీటింగు మధ్యలో అమ్మ కేక... ‘ఇంటి కాడే ఉన్నావు కదేటి, గ్యాస్ బండ మార్సరా!’

ఆఫీసు పిలిచినరోజు రైలుందిగా అనుకోకండి. ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైనిది. పగటి ప్యాసింజరు పొద్దున విశాఖ నుంచి అరకు వైపు వెళ్లి, సాయంత్రం తిరిగొస్తుంది. మనకు కావలసింది సరిగ్గా తిరగేసి. కాబట్టి బస్సే గతి.

నన్నడిగితే, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు విశాఖే. తప్పు చేస్తే పక్కన కూర్చుని దిద్దే మనిషి వీడియో కాల్‌లో దొరకడు. అమ్మ గ్యాస్ బండ కదపలేని రోజు వచ్చిందా... అప్పుడు కోటే.