రాత్రి విమానము - పగటి లెక్క

మేము సికింద్రాబాదువారము. 2008 వఱకు విమానములు బేగంపేటనుండి యెగురుచుండెను, మాకది దగ్గఱ. ఇప్పుడు శంషాబాదునకై ఊరంతయు దాటవలయును. అందును దూరదేశములకు బోవు విమానములు పెక్కులు అర్ధరాత్రము దాటినపిదపనే బయలుదేఱును.

సోదరీమణులారా, టిక్కెట్టు చేతికి రాగానే ముందు తేదీని చూడుడు. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మాఱును. టిక్కెట్టున అర్ధరాత్రముతోనే మాఱును. మంగళవారము రాత్రి 12-40 అని యున్నచో, మన లెక్కకు అది సోమవారపు రాత్రియే. మంగళవారము ప్రొద్దుగ్రుంకినపిదప పెట్టె సర్దుకొను ఇల్లాలికి విమానము ముందటి రాత్రియే వెళ్ళిపోయియుండును. బాగుగ చదువుకొన్నవారును ఇచ్చటనే తడబడుదురు.

ఇక వెనుకకు లెక్కింపవలయును. విదేశయానమునకు మూడుగంటలు ముందుండుమందురు. అనగా 9-40కి అచ్చట దిగవలయును. సాయంకాలపు రద్దీలో మా యింటినుండి గంటన్నర పట్టును. కావున ఎనిమిదింటికే టాక్సీ వాకిట నుండవలెను, ఏడింటికే వడ్డన కావలెను! మెహదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు 2009లో తెఱచిన పి.వి. నరసింహారావు వంతెనదారి పదకొండు కిలోమీటర్లకు పైబడినది. దానిపై కూడళ్ళ బాధ లేదు. ఆటోలను మాత్రము పోనీయరు.

తెల్లవాఱుజాము ప్రయాణమునకు దారి ఖాళీయే గాని బండి దొరకుటయే సందేహము. ముందునాడే కుదుర్చుకొని, డ్రైవరుతో "రేపు" అనక తేదీని, గంటను చెప్పుడు. ఒంటరిగ బోవు స్త్రీ బండిసంఖ్యను ఇంటివారికి పంపవలెను. టాక్సీ రానిచో, రాత్రివేళలందును నడచు ఆర్టీసీవారి పుష్పక్ బస్సు గలదు. దాని వేళలను ముందే వ్రాసియుంచుకొనుడు.