చిన్న ఒంటికి చన్నీళ్లు

మన ఇళ్లలో గోడవారన పరుగెత్తే చుంచెలుకకు ఉత్తర అమెరికాలో ఒక దూరపు చుట్టం ఉంది. ఉండేది చల్లటి వాగుల ఒడ్డున. బరువు 12 నుంచి 17 గ్రాములు. నీట మునిగి వేటాడే క్షీరదాల్లో ఇదే అన్నిటికన్నా చిన్నదంటారు. చలికాలమంతా నిద్రపోయే అలవాటు దీనికి లేదు. మంచు కింద పారే నీళ్లలోకీ దూకి పురుగుల్నీ చిన్న చేపల్నీ పట్టి తింటుంది.

ఒళ్లు చిన్నదైనకొద్దీ బరువుకు మించిన చర్మం ఉంటుంది, వేడి పోయేదేమో ఆ చర్మం గుండానే. పైగా నీళ్లు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. తిమింగలాన్ని కొవ్వు కాపాడుతుంది. ఈ బుల్లిదానికి అంత కొవ్వు మోసే చోటేదీ? అందుకే గాలిని నమ్ముకుంది. దట్టమైన బొచ్చులో చిక్కుకున్న గాలి చన్నీళ్లను చర్మం దాకా రానివ్వదు. అయితే ఆ గాలే దాన్ని పైకి నెడుతుంది. కాళ్లాడించడం ఆపిందంటే బెండులా తేలిపోతుంది. అందుకని మునిగినంతసేపూ ఈదుతూనే ఉండాలి.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం వారు దీని మునకలను కొలిచారు. సగటున ఒక్కో మునక 5 సెకన్లు. నీళ్లు చల్లబడేకొద్దీ మునకలు ఇంకా పొట్టివవుతాయి. నీట మునిగే పెద్ద జంతువులు కండరాల్లో ఆక్సిజన్ బాగా దాచుకుంటాయి, దీని కండరాల్లో ఉండేది మొత్తం నిల్వలో పదోవంతు అటూ ఇటూ మాత్రమే.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మరో సంగతి. వేటకు దిగే ముందే అది ఒంటి వేడిని ఒక డిగ్రీ సెల్సియస్ మేర పెంచుకుంటుంది. ఆ వేడి మామూలు స్థాయి కన్నా, అంటే దాదాపు 37.8 డిగ్రీల కన్నా, కిందికి దిగిపోకముందే ఒడ్డెక్కేస్తుంది. వణుకు పుట్టేదాకా ఆగడమే లేదు. ఒళ్లు వెచ్చగా ఉంటే మీసాల స్పర్శ చురుగ్గా పనిచేస్తుందని ఆ పరిశోధకుల ఊహ. నాకూ అది సబబే అనిపిస్తుంది. చీకట్లో దానికి ఆ మీసాలే కళ్లు మరి. అంతేకాదు, ముక్కుతో బుడగ వదిలి, ఆ బుడగ వస్తువును తాకగానే మళ్లీ లోపలికి పీల్చి, నీళ్లలోనే వాసన పడుతుందని శాస్త్రవేత్త కెనెత్ కటానియా 2006లో చూపించాడు.

మునకల గొప్పతనాన్ని నిమిషాల్లో లెక్కగట్టి తిమింగలాలకు కిరీటం పెట్టేవారికి ఒక మనవి: ఈ 5 సెకన్ల మునకను దాని బరువు పక్కన పెట్టి చూడండి.