గడ్డమూ గండిపేట నీళ్ళూ

సంసారులకు సందేహాలకేం తక్కువ? కందిపప్పు ఈ నెల రెండు కిలోలు తేవాలా, మూడు తేవాలా. పిల్లవాడికి ట్యూషను పెట్టించాలా, మానాలా. పెళ్ళికి బట్టలు పెట్టాలా, కవరులో డబ్బు పెట్టాలా - ఇలాంటివి రోజుకు పది. అద్దం ముందు నిలబడ్డ మగవాడికి మరొకటి అదనం: గడ్డానికి సబ్బా, క్రీమా?

"ఓస్, ఇంతేనా!" అని ఇల్లాళ్ళు నవ్వవచ్చు. నవ్వండి గాని, కాస్త వినండి. మా ఇంట్లో ఈ ప్రశ్న నా ముఖం మీద తేలేది కాదు. 84 ఏళ్ళ మా బాపు ముఖం మీద తేలవలసి వచ్చింది. అంచేత విచారణ కొంచెం లోతుగానే చేశాను.

మాది హైదరాబాదు పాతబస్తీ. చార్మినారుకు దక్షిణంగా వస్తే శాలిబండ. ఆ చుట్టుపక్కలే మా ఇల్లు. బాపు చిన్నప్పుడు హాలీ సిక్కా ఖర్చు పెట్టిన మనిషి. పొద్దున్నే గడ్డం గీసుకోవడం ఆయనకు పూజలో సగం. వాకిట్లో కుర్చీ, కిటికీ చువ్వకు తగిలించిన అద్దం, జర్మన్ సిల్వరు గిన్నెలో సబ్బు బిళ్ళ, బ్రష్షు, ఆఖర్న రుద్దుకోవడానికి పటిక ముక్క. గిన్నెలో బ్రష్షు తిరుగుతూ ఉంటే వచ్చే చప్పుడుతో మా ఇంట్లో తెల్లవారేది. ఆ చప్పుడు వినబడిందంటే స్టవ్ మీద చాయ పెట్టవచ్చునని మా ఆవిడ లెక్క.

రెండేళ్ళుగా బాపు కుడిచెయ్యి వణుకుతున్నది. పైగా చక్కెర జబ్బు. వయసుతో చర్మం కూడా ఉల్లిపొరలా పలచబడింది. ఒకరోజు దవడ కింద బ్లేడు గాటు పడింది. మనకైతే సాయంత్రానికి మరిచిపోయే గాటు. ఆయనకు మానడానికి పన్నెండు రోజులు పట్టింది. డాక్టరుగారు చూసి, "ఇక మీదట చర్మం తెగకుండా చూసుకోవాలి" అని గట్టిగానే చెప్పారు. ఆ మర్నాటి నుంచి రేజరు నా చేతికి వచ్చింది.

ఇది విని మా అబ్బాయి కాలేజీ నుంచి వస్తూ ఒక క్రీము ట్యూబు పట్టుకొచ్చాడు. "తాతా, ఇది మెత్తగా ఉంటుంది, గాట్లు పడవు" అన్నాడు. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మూత తీసి వాసన చూశారు.

"ఏందిరా గిది? పండ్లు తోముకునేదా, గడ్డానికి పెట్టుకునేదా? ముసలోనికి గింత వాసనెందుకురా? పత్తర్‌గట్టిల అత్తరు దుకాణం పెట్టాల్నా?"

అదీ తగాదా. ఇక నా విచారణ వినండి.

మొదట తెలిసిన సంగతి ఏమిటంటే, సబ్బూ క్రీమూ పగవాళ్ళు కారు. ఒక తల్లి బిడ్డలే. నూనెనూ క్షారాన్నీ కలిపితే సబ్బు. ఆ క్షారం సోడా జాతిదైతే గట్టి సబ్బు వస్తుంది. పొటాష్ జాతిదైతే మెత్తని సబ్బు వస్తుంది. ఒంటికి రుద్దుకునే బిళ్ళలో సాధారణంగా ఉండేది సోడా. గడ్డం బిళ్ళలో సోడాతోబాటు పొటాష్ కూడా కలుపుతారు, నురగ తొందరగా రావాలని. క్రీములో పొటాషే ఎక్కువ. నీళ్ళూ గ్లిసరినూ కూడా దండిగా ఉంటాయి. అంటే ట్యూబులో ఉన్నది సగం దూరం ముందే నడిచివచ్చిన సబ్బన్నమాట. బిళ్ళ మీద బ్రష్షు ఒకటి రెండు నిమిషాలు తిప్పి మనం చేసే పనిలో కొంత ఫ్యాక్టరీవాళ్ళే చేసి పంపుతారు.

మరి ఒంటి సబ్బుతో గీసుకుంటే ఏం? నురగ వస్తుంది, నిలవదు. కొబ్బరినూనె వల్ల వచ్చే నురగ పెద్ద పెద్ద బుడగలుగా పొంగి చప్పున చస్తుంది. స్టియరిక్ ఆమ్లం ఎక్కువ ఉన్న గడ్డం సబ్బు నురగ చిన్న బుడగలతో, మీగడలా దట్టంగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుంది. నిలవడం ఎందుకంటే, గడ్డాన్ని మెత్తబరిచేది సబ్బు కాదు, నీళ్ళు. గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే వెంట్రుక లొంగుతుంది. ఆ తడి ఆరిపోకుండా పట్టి ఉంచడం, బ్లేడుకు జారుడు ఇవ్వడం - ఈ రెండే నురగ ఉద్యోగాలు.

క్రీము నిన్న మొన్నటి వింత కూడా కాదు. కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికావాడు విడి బ్లేడు రేజరు అమ్మడం మొదలుపెట్టింది 1903లో. ఆ ఏడాది మొత్తం అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు! బ్రష్షు అక్కర్లేని బార్బసాల్ అనే క్రీము 1919కల్లా అదే దేశంలో వచ్చేసింది. కాబట్టి బాపు కంటే ట్యూబే వయసులో పెద్దది. ఈ మాట ఆయనతో అంటే, "అయితే దానికి దండం పెట్టి లోపల పెట్టు" అన్నారు.

మన దేశంలో సబ్బుకు మరో చరిత్ర ఉంది. విదేశీ సబ్బుల్లో జంతువుల కొవ్వు వాడేవారు. ఏ జంతువుదో అన్న శంక హిందువుల ఇళ్ళలోనూ ఉండేది, ముస్లిముల ఇళ్ళలోనూ ఉండేది. 1918 ప్రాంతంలో బొంబాయి అర్దేషిర్ గోద్రెజ్ ఉత్త శాకనూనెలతో సబ్బు చేయించి 'చావీ' పేరుతో అమ్మారు. గుడీ మసీదూ ఒకే వీధిలో ఉన్న మా పాతబస్తీలాంటి చోట ఆ మాట విలువ వేరే చెప్పాలా? ఇప్పటికీ బాపు కొత్త బిళ్ళ కొంటే ముందు అడిగేది, "కొవ్వు లేదు కద?" అనే.

ఇంత తెలుసుకున్నా, బాపు ఫిర్యాదు ఒకటి మిగిలిపోయింది. "ఎనుకట సబ్బు మంచిగుండె. రెండుసార్లు తిప్పితే గిన్నె నిండుతుండె. ఇప్పటి బిళ్ళల పసలేదు" అంటారు. ఆయన వాడేది అదే రకం బిళ్ళ. మరి పస ఎక్కడికి పోయినట్టు?

ఈ ముడి విప్పింది మా వీధి చివర సెలూను పెద్దాయన. మా పాతబస్తీలో గడ్డం పెంచేవారి సంఖ్య గీసేవారి కంటే తక్కువేం కాదు. పెంచినవారికి 'ఖత్' తీయాలి - అంటే గడ్డం అంచు గీత కొట్టినట్టు దిద్దాలి. అక్కడ పెద్దాయన నురగ పలచగా రాస్తాడు; దట్టంగా రాస్తే అంచు కనబడదు గద! పూర్తిగా గీయించుకునేవారికేమో మీగడలా రాస్తాడు. రంజాను చివరి రోజుల్లో అర్ధరాత్రి దాటినా ఆ కుర్చీ ఖాళీ ఉండదు. నలభై ఏళ్ళ చెయ్యి ఆయనది. అడిగాను:

"భాయ్, సాబున్ మంచిదా, క్రీమ్ మంచిదా?"

ఆయన కత్తిలో కొత్త సగం బ్లేడు అమరుస్తూ నవ్వాడు. "సాబ్, సాబున్ నక్కో దేఖో, క్రీమ్ నక్కో దేఖో. పహలే పానీ దేఖో."

సబ్బూ చూడొద్దు, క్రీమూ చూడొద్దు, ముందు నీళ్ళు చూడమన్నాడు. శాస్త్రం కూడా సరిగ్గా ఇదే చెబుతుంది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే కఠిన జలం అంటారు. అవి సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. ఆ తెట్టు పోగా మిగిలిన సబ్బే నురగ అవుతుంది. బకెట్టు అంచున పేరుకునే తెలుపు చూశారా, అందులో ఇదీ కలిసి ఉంటుంది.

బాపు యువకుడుగా ఉన్న రోజుల్లో ఊరికి గండిపేట నీళ్ళు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో నగరం అతలాకుతలమైన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగారు. దాని ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. అదే మన గండిపేట. ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడని మా ఊళ్ళో సామెత. వాన నీరు చేరిన చెరువు నీళ్ళవి. సబ్బుకు సాఫీగా లొంగేవి. బాపు గిన్నె రెండు తిప్పులకే నిండిందంటే అందులో సగం పుణ్యం గండిపేటది!

ఊరు పెరిగింది. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీళ్ళు రావలసి వచ్చాయి. అయినా మా నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్ళు వంటకూ తాగడానికీ సరిపోతాయి. స్నానానికీ గడ్డానికీ బోరే దిక్కు. హైదరాబాదు కింద ఉన్నది నల్లరాయి. ఆ బండల సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు రాతిలోని లవణాలన్నీ నింపుకొని పైకి వస్తాయి. ఇదీ సంగతి. సబ్బులో పస తగ్గలేదు, నీళ్ళు మారాయి.

ఒక ఆదివారం పరీక్ష పెట్టాను. మూడు గిన్నెలు, ఒకే బిళ్ళ గోకిన తురుము తలా ఒక చెంచా. ఒకదానిలో బోరు నీళ్ళు, ఒకదానిలో నల్లా నీళ్ళు, ఒకదానిలో తాగడానికి వడపోసిన నీళ్ళు. బోరు గిన్నెలో నురగ పెరుగు విరిగినట్టయి, ఒక చెంప గీసేలోపలే ఆరింది. నల్లా గిన్నె ఫరవాలేదు. వడపోసిన నీళ్ళ గిన్నెలో నురగ కొండలా నిలబడింది. తరువాత బోరు నీళ్ళలోనే క్రీము వేసి చూశాను. అది నిలిచింది. కారణం ఉంది: క్రీము కరిగి ఒక్కసారిగా బోలెడు సబ్బు అందిస్తుంది, కొంత తెట్టయినా తక్కింది మిగులుతుంది. కొన్ని క్రీముల్లో లవణాలను కట్టడి చేసే ద్రవ్యాలు కూడా కలుపుతారు.

ఇంకేం, తీర్పు క్రీముకే అనుకుంటున్నారా? నాలుగు రోజులు అలాగే నడిపాను. ట్యూబు నొక్కి, వేళ్ళతో బాపు చెంపలకు రాసి, గీసి, తుడిచాను. ఆరు నిమిషాల్లో పని పూర్తి. గాటు లేదు, మంట లేదు. కాని ఆ నాలుగు రోజులూ బాపు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒక్క మాట లేదు. పొద్దున గిన్నె చప్పుడు లేదు.

ఐదో రోజున మా ఆవిడే అంది: "ఏమండీ, మామయ్యకు చేతకానిది రేజరు పట్టుకోవడం. బ్రష్షు తిప్పడం కాదు కదా! అది కూడా మీరెందుకు తీసుకున్నారు? నీళ్ళే తక్కువైతే తాగే నీళ్ళలోంచి అర గ్లాసు ఇస్తాను, తీసుకోండి."

అర గ్లాసు! గడ్డానికి కావలసింది నిజంగా అంతే. ముఖం తడపడానికి బోరు నీళ్ళు కాచి వాడినా, నురగకు మాత్రం ఆ అర గ్లాసు గోరువెచ్చన చేసి గిన్నె పక్కన పెట్టింది. బిళ్ళ మీద ఐదు నిమిషాలు ముందే నాలుగు చుక్కలు వేసి నానబెట్టాను. బ్రష్షు బాపు చేతికిచ్చాను.

తిప్పారు. చెయ్యి వణుకుతూనే ఉంది. కాని వణుకుతున్న కొద్దీ నురగ మరింత చిక్కబడుతున్నది. గిన్నె అంచు దాటి పొంగింది. బాపు నా వంక చూసి, "చూసినవారా, వణికే చెయ్యి గూడ ఒక పనికొచ్చింది" అన్నారు. చెంపలకూ గడ్డానికీ ఆయనే రాసుకున్నారు. మీసం కింద మాత్రం నేను రాశాను. తరువాత రేజరు నాది, పటిక ఆయనది. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. మళ్ళీ గాటు పడలేదు.

కాబట్టి పాఠకులు అడిగితే నా మాట ఇది. మీ ఊరి నీళ్ళు మంచివైతే సబ్బు బిళ్ళకు సాటి లేదు. మా ఇంట్లో ఒక బిళ్ళ ఆరు నెలలు వస్తున్నది. నీళ్ళు కఠినమైనవైతే, ఆఫీసు బస్సు తొందర ఉంటే, ప్రయాణాల్లో ఉంటే క్రీము హాయి. నీళ్ళు చెడ్డవైనా సబ్బే కావాలంటే అర గ్లాసు తాగే నీళ్ళు ఖర్చు పెట్టండి. ఇంట్లో పెద్దవారికి మీరు గీయవలసి వస్తే, వారు చేసుకోగలిగిన పని ఏదో ముందు చూసి, అది వారికే వదిలిపెట్టండి. ఆ తరువాత సబ్బయినా ఒకటే, క్రీమయినా ఒకటే.

ఇక మా అబ్బాయి తెచ్చిన ట్యూబు సంగతి. అది ఇప్పుడు నా వాటాకు వచ్చింది. వాడే వాడుకుంటాడేమోనని అనుకున్నాను గాని, వాడు ఈమధ్య గడ్డం పెంచుతున్నాడు. పదిహేను రోజులకోసారి వీధి చివర పెద్దాయన దగ్గరకు వెళ్ళి ఖత్ తీయించుకొస్తున్నాడు - నా జేబులో డబ్బుతో!